ఊరి మాట వినే టీవీ కావాలి

ఉపగ్రహం నుంచి పల్లెకు నేరుగా టీవీ ప్రసారం అందించిన ప్రయోగం మన దేశంలో 1975 ఆగస్టు 1న మొదలైంది. ఏడాది పాటు నడిచి 1976 జులై 31న ముగిసింది. సైట్ అన్న పొట్టి పేరుతో పిలిచే ఈ ప్రయోగంలో ఆరు రాష్ట్రాలకు చెందిన సుమారు 2,400 ఊళ్లను చేర్చాలని తలపెట్టారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు, హైదరాబాద్ జిల్లాల పల్లెలను ఎంచుకున్నారు. వరంగల్‌కు అందులో చోటు దక్కలేదు. యాభై ఏళ్ల తర్వాత ఈ ప్రయోగాన్ని మనం ఎక్కువగా అంతరిక్ష విజయంగానే తలచుకుంటున్నాం. అది విజయమే, సందేహం లేదు. అయితే ఆ ఏడాది ఊళ్లకు టీవీ పెట్టె ఒక్కటే వెళ్లలేదు. చూసినవాళ్లకు ఏం అర్థమైంది, ఏం పనికొచ్చింది, ఏం పనికిరాలేదు అని అడిగి రాసుకునే మనుషులు కూడా వెళ్లారు. తర్వాతి ఐదు దశాబ్దాల్లో తెర ఇళ్లలోకి వచ్చింది, ఆపైన చేతుల్లోకి వచ్చింది. అడిగి రాసుకునే పని మాత్రం వెనకబడిపోయింది. ప్రజల సొమ్ముతో నడిచే ప్రసారాలు ఆ పనిని మళ్లీ చేపట్టాలి. అందుకు ఉమ్మడి వరంగల్ జిల్లా తగిన చోటు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఆ రోజుల్లో టీవీ ఎక్కడెక్కడ ఉందో గుర్తుచేసుకుంటే ఈ ప్రయోగం ఎంత సాహసమో అర్థమవుతుంది. ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న చిన్నగా మొదలైన టెలివిజన్ రెండో నగరమైన బొంబాయికి చేరడానికి పదమూడేళ్లు పట్టింది. కలకత్తాలో 1975 ఆగస్టు 9న, మద్రాసులో ఆగస్టు 15న, లక్నోలో ఆ నవంబరులో టీవీ కేంద్రాలు మొదలయ్యాయి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రసారాలు ప్రారంభమైంది 1977 అక్టోబరు 23న. అంటే మెదక్ జిల్లా పల్లెలో బడి ముందు కూర్చుని కూలినాలి చేసుకునేవాళ్లు టీవీ చూసిన రెండేళ్లకు గాని రాజధాని నగరంలోని ఇళ్లకు ఆ అవకాశం రాలేదు. కొత్త సౌకర్యం ఏదైనా ముందు నగరానికి, తర్వాత పట్టణానికి, చివరికి మిగిలితే పల్లెకు వెళ్లడం మనకు అలవాటైన వరస. కరెంటు, టెలిఫోను, ఆసుపత్రి అన్నీ ఆ వరసలోనే నడిచాయి. దాన్ని తలకిందులు చేయాలని ముందే నిర్ణయించుకుని, అనుకున్నట్టే చేసి చూపించిన ప్రభుత్వ కార్యక్రమాలు చాలా అరుదు. సైట్ వాటిలో ఒకటి.

ఆ నిర్ణయం వెనుక విక్రమ్ సారాభాయ్ ఆలోచన ఉంది. నగరాల్లో ఒక్కొక్క టవరే కట్టుకుంటూ పోతే పల్లె వంతు రావడానికి దశాబ్దాలు పడుతుందని, ఉపగ్రహం అయితే మారుమూల ఊరికీ మహానగరానికీ ఒకే రోజున చేరుతుందని ఆయన వాదించారు. 1969 సెప్టెంబరులో మన అణుశక్తి విభాగానికీ అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకూ మధ్య ఒప్పందం కుదిరింది. 1974 మే 30న నాసా ప్రయోగించిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మరుసటి ఏడాది తూర్పు ఆఫ్రికా మీదికి జరిపి మన పల్లెల వైపు తిప్పారు. దాని యాంటెన్నా అంతరిక్షంలో విచ్చుకుంటే తొమ్మిది మీటర్ల వెడల్పు. పైన అంత శక్తి ఉండబట్టి కింద చవకైన పరికరం సరిపోయింది. కోళ్ల గూళ్లకు వాడే ఇనప జాలీతో చేసిన మూడు మీటర్ల డిష్, అందుకున్న సంకేతాన్ని టీవీకి అనువుగా మార్చే ఒక పెట్టె, ఒక బ్లాక్ అండ్ వైట్ సెట్టు. అంతే. ఆ సెట్లను తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. సారాభాయ్ 1971 డిసెంబరు 30న కన్నుమూశారు, ఫలితం చూడలేకపోయారు. సతీశ్ ధావన్ నాయకత్వంలోని ఇస్రో, యశ్‌పాల్ సారథ్యంలోని అహ్మదాబాద్ అంతరిక్ష అనువర్తనాల కేంద్రం, ప్రయోగాన్ని దగ్గరుండి నడిపిన ఈ.వి. చిట్నిస్ ఆ ఆలోచనను ఊళ్ల దాకా తెచ్చారు.

రోజుకు నాలుగు గంటల ప్రసారం. ఉదయం గంటన్నర బడి పిల్లలకు, అంటే హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ భాషలకు తలా ఇరవై రెండున్నర నిమిషాలు. సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. అందులో అరగంట అన్ని రాష్ట్రాలకూ కలిపి హిందీలో, మిగతాది ప్రాంతీయ భాషల్లో. దసరా రోజుల్లో, మళ్లీ వేసవిలో వేల మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు ఈ సెట్ల ముందే విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. తెలుగు, కన్నడ కార్యక్రమాలను హైదరాబాద్‌లో దూరదర్శన్ నెలకొల్పిన నిర్మాణ కేంద్రం తయారుచేసేది. టేపులు అహ్మదాబాద్ చేరితే అక్కడి భూకేంద్రం నుంచి ఉపగ్రహానికి పంపేవారు. ఏటీఎస్-6 ఒకే బొమ్మతోపాటు రెండు శబ్దాలను మోయగలదు. అందుకే సాయంత్రం నలభై నిమిషాలు తెలుగువాళ్లూ కన్నడిగులూ ఒకే దృశ్యాన్ని చూస్తూ ఎవరి భాషలో వాళ్లు విన్నారు. కర్నూలు, మహబూబ్‌నగర్, రాయచూరు, గుల్బర్గా పక్కపక్కనే ఉన్న మెట్ట జిల్లాలు కాబట్టి ఈ పొదుపు కొంతవరకు కుదిరింది. కానీ రెండు భాషలకు ఒకే బొమ్మ అన్నప్పుడు తెర మీద మనిషి నోరు కదిలేది ఒక భాషలో, వినపడేది మరో భాషలో. తన ఊరి మనిషి తన యాసలో మాట్లాడుతున్నాడన్న నమ్మకం అక్కడే కొంత సడలుతుంది. ఉపగ్రహానికి ఉన్న బలమూ బలహీనతా ఈ ఒక్క ఏర్పాటులోనే కనిపిస్తాయి.

ఇక అడిగి రాసుకునే పని సంగతి. ప్రసారాలు మొదలవక ముందే పరిశోధకులు ఊళ్లకు వెళ్లి జనం ఏ పంటలు వేస్తున్నారు, ఎంత చదువుకున్నారు, ఏ జబ్బులతో బాధపడుతున్నారు, వాళ్లకు ఏం తెలుసుకోవాలని ఉంది అని వివరాలు సేకరించారు. ఆ సమాచారాన్ని కార్యక్రమాలు తయారుచేసేవాళ్ల ముందుంచారు. ప్రసారానికి ముందు, మధ్యలో, ముగిశాక మూడు దఫాలు సర్వేలు జరిగాయి. టీవీ ఉన్న ఊళ్లనూ లేని ఊళ్లనూ పోల్చి చూశారు. అంతటితో ఆగకుండా మానవశాస్త్రం చదివిన యువకులను కొన్ని ఊళ్లలో నెలల తరబడి నివాసం ఉంచారు. సెట్టు ముందు ఎవరు కూర్చుంటున్నారు, ఎవరు దూరంగా నిలబడుతున్నారు, మధ్యలో ఎవరు లేచి వెళుతున్నారు, ఇంటికెళ్లాక దాని గురించి ఏం మాట్లాడుకుంటున్నారు అన్నది వాళ్లు గమనించి రాశారు. బినోద్ అగ్రవాల్ వంటి సామాజిక శాస్త్రవేత్తలు ఈ పనిని ముందుండి నడిపారు. రాకెట్లు, యాంటెన్నాల సంస్థ అయిన ఇస్రో తన సొంత ఇంటిలో సామాజిక పరిశోధకుల బృందాన్ని పెట్టుకోవడం అప్పటికి వింతే. మన పల్లె గురించి మన శాస్త్రవేత్తలు చూపిన గౌరవానికి అది గుర్తు. ఊరివాళ్లకు ఏం కావాలో తమకు ముందే తెలుసు అనుకోకుండా, వెళ్లి అడిగి తెలుసుకోవాలి అనుకున్నారు.

అడిగితే వచ్చిన జవాబులు అన్నీ తియ్యగా లేవు. మొదట్లో ఒక్కో సెట్టు ముందు వందల మంది గుమిగూడారు. కొత్త మోజు తగ్గాక ఆ సంఖ్య పడిపోయింది. వ్యవసాయ కార్యక్రమాలు చూసిన రైతులు కొత్త పద్ధతులను చెప్పుకోదగ్గ స్థాయిలో చేపట్టినట్టు సర్వేల్లో తేలలేదు. బడిలో పేర్లు నమోదు చేసుకునే పిల్లల సంఖ్య పెరగలేదు, చదువు మానేసేవాళ్లూ తగ్గలేదు. మరోవైపు పిల్లల భాషా సామర్థ్యం మెరుగుపడింది, తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగింది. ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ వంటి విషయాల్లో అవగాహన పెరిగింది. ముఖ్యంగా ఎక్కువ లాభపడినవారిలో ఆడవాళ్లు, చదువురానివాళ్లు ఉన్నారు. పత్రిక చదవలేనివాళ్లు, సినిమాకు పోలేనివాళ్లు, అధికారి ముందు నోరు తెరవలేనివాళ్లకు టీవీ ఉపయోగపడింది. ఊళ్లలో నివసించిన పరిశోధకులు మరో సంగతి గమనించారు. చేతిలో డబ్బు ఖర్చు కాకుండా, ఎవరి సాయమూ అక్కర్లేకుండా చేసుకోగల చిన్న చిన్న మార్పులను జనం చేసుకున్నారు. డబ్బు, నీరు, విత్తనం, పైవాడి అనుమతి కావాల్సినవి చేసుకోలేదు.

ఫలితాలు ఇంత తక్కువైతే ఈ ప్రయోగాన్ని ఆదర్శంగా ఎందుకు తీసుకోవాలి అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఏమిటంటే, ఫలితాలు తక్కువని మనకు తెలియడమే ఆ ప్రయోగం సాధించిన గొప్ప సంగతి. మెట్ట రైతుకు కొత్త విత్తనం గురించి చెప్పి, ఆ విత్తనం మండలంలో ఎక్కడా దొరక్కపోతే తప్పు రైతుది కాదు, కార్యక్రమానిది కూడా పూర్తిగా కాదు. సమాచారం వెంట సరుకు, అప్పు, నీరు రావాలన్న నిజం ఆ సర్వేల్లో బయటపడింది. ఆ సర్వేలే లేకపోతే రైతులు మారరు, మొండివాళ్లు అని తేలిగ్గా తీర్పు చెప్పి చేతులు దులుపుకునేవాళ్లం. ఇవాళ ఏ పథకాన్నయినా ఎంత ఖర్చు పెట్టాం, ఎన్ని తెరలు పంచాం, ఎందరు చూశారు అన్న లెక్కలతో కొలుస్తున్నాం. చూసినవాళ్ల బతుకులో ఏం మారింది, ఏం మారలేదు, ఎందుకు మారలేదు అని కొలవడానికి ధైర్యం కావాలి. తన ఓటమిని తానే రాసిపెట్టిన ప్రభుత్వ ప్రయోగం కాబట్టే సైట్ చెప్పిన మంచిని కూడా మనం నమ్మగలుగుతున్నాం.

ఇంకా బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. సైట్ మొదలయ్యే నాటికి దేశంలో అత్యవసర పరిస్థితి విధించి నెల దాటింది. పత్రికల మీద సెన్సార్ ఉంది, ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్నారు. అటువంటి వేళ వేల ఊళ్లకు ఒకే గొంతును చేర్చే సాధనం ప్రభుత్వ ప్రచారానికి వాడుకోవడానికి ఎంత అనువైనదో చెప్పనక్కర్లేదు. సాయంత్రం వార్తల్లో, కుటుంబ నియంత్రణ ప్రచారంలో ఆ కాలపు నీడ పడింది. ఈ విమర్శను నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోవడం నా వాదనను బలహీనపరచదు, ఇంకా బలపరుస్తుంది. పైనుంచి కిందికి మాత్రమే నడిచే ప్రసారం ఎవరి చేతిలో ఉంటే వారి మాటే చెబుతుంది. 1977లో ప్రభుత్వం మారాక బి.జి. వర్గీస్ నాయకత్వంలోని కమిటీ ఆకాశవాణి, దూరదర్శన్‌లకు స్వయంప్రతిపత్తి కావాలని సిఫార్సు చేసింది. ఆ దిశగా ప్రసార భారతి చట్టం రావడానికి 1990 దాకా, అది అమలు కావడానికి 1997 దాకా ఆగాల్సి వచ్చింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో స్పష్టంగా చెప్పింది. ఆస్తి ప్రజలదైతే అందులో ప్రజల గొంతు వినపడాలి. కింది నుంచి పైకి మాట వెళ్లే దారి లేని ప్రసార వ్యవస్థ ఎమర్జెన్సీ లేకపోయినా ఏకపక్షంగానే ఉంటుంది.

1976 తర్వాత ఏం జరిగిందో చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. ఒప్పందం ప్రకారం ఏటీఎస్-6 వెనక్కి వెళ్లిపోయింది. హైదరాబాద్‌లో ట్రాన్స్‌మిటర్ వచ్చినా దాని పరిధి నగరం చుట్టుపక్కలకే. 1982లో ఢిల్లీ నుంచి జాతీయ కార్యక్రమం మొదలైంది, ఆసియా క్రీడలతో రంగులు వచ్చాయి. 1984లో దేశమంతటా చిన్న ట్రాన్స్‌మిటర్లు ఇంచుమించు రోజుకొకటి చొప్పున వెలిశాయి. వాటిలో చాలావాటికి సొంత స్టూడియో లేదు. ఢిల్లీ పంపిన బొమ్మను అందుకుని తిరిగి పంపడమే వాటి పని. అలా మన జిల్లాలకు టీవీ వచ్చింది గాని జిల్లా మాత్రం టీవీలోకి వెళ్లలేదు. ఆ రోజుల్లోనే పి.సి. జోషి నాయకత్వంలోని కమిటీ దూరదర్శన్ ఢిల్లీ చుట్టూ తిరుగుతోందని, పల్లెకూ పేదకూ దూరమవుతోందని హెచ్చరించింది. ఆ హెచ్చరికను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అదే సమయంలో వేరే దారి కూడా ఉందని గుజరాత్‌లోని ఖేడా జిల్లా చూపించింది. సైట్‌కు జోడుగా పిజ్ అనే గ్రామంలో ఇస్రో ఒక కిలోవాట్ ట్రాన్స్‌మిటర్ పెట్టింది. ఆ ఒక్క జిల్లా కోసం, ఆ జిల్లా యాసలో, ఆ ఊళ్లలోనే కెమెరా తిప్పి కార్యక్రమాలు తీశారు. ఊరివాళ్లే నటించారు, ఊరివాళ్లే ఫిర్యాదులు చెప్పారు, అధికారులు కెమెరా ముందుకు వచ్చి జవాబు చెప్పాల్సి వచ్చింది. పాల సహకార సంఘాలు బలంగా ఉన్న జిల్లా కావడం కూడా కలిసొచ్చింది. చూసే సెట్టును ఊళ్లో కాపాడటానికి అక్కడొక సంస్థ ఉంది, చూసింది ఆచరించడానికి దారి ఉంది. 1984లో యునెస్కో ఆ కృషికి బహుమతి ఇచ్చింది. ఆ తర్వాత కొద్ది కాలానికే పిజ్ ట్రాన్స్‌మిటర్‌ను మూసేశారు, అక్కడి రైతులు నిరసన తెలిపారు. టీవీని మూసేస్తే రైతులు రోడ్డెక్కారంటే అది వాళ్లకు ఎంత సొంతమైందో ఊహించుకోవచ్చు. తెలుగు నేలకు సైట్ ఒక ఏడాది దక్కింది. ఖేడా లాంటిది ఒక్కటి కూడా దక్కలేదు.

ఆ లోటు ఎంత ఖరీదైనదో చెప్పడానికి వరంగల్ కంటే బలమైన ఉదాహరణ లేదు. 1997-98 పత్తి సీజన్‌లో ఈ జిల్లా చేలను పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు ముంచెత్తాయి. దిగుబడి పడిపోయింది, అప్పులు మీద పడ్డాయి, పెద్ద సంఖ్యలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ విషాదానికి వాతావరణం, ధర, వడ్డీ వ్యాపారం, బ్యాంకులు అప్పివ్వకపోవడం, కల్తీ సరుకు వంటి ఎన్నో కారణాలు ఉన్నాయి. టీవీ ఉండి ఉంటే ఇది జరిగేది కాదని నేను అనను, అలా అనడం పోయినవాళ్లను అవమానించడమే. కానీ ఆనాటి పరిస్థితిని పరిశీలించినవాళ్లు పదేపదే చెప్పిన ఒక సంగతి ఉంది. ఏ పురుగుకు ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నిసార్లు అన్న సలహా రైతుకు దొరికింది ఎక్కువగా మందుల దుకాణంలో. అప్పు ఇచ్చేదీ ఆ దుకాణమే, సలహా ఇచ్చేదీ ఆ దుకాణమే. ప్రభుత్వ విస్తరణ వ్యవస్థ బలహీనపడిన చోట అమ్ముకునేవాడి మాటే శాస్త్రమైంది. అప్పటికి జిల్లాలో టీవీ సెట్లు లేక కాదు. వాటిలో సినిమా పాటలు వచ్చాయి, సీరియళ్లు వచ్చాయి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతు, తన చేలో ఆ వారం కనిపించిన పురుగు గురించి అడిగి, ఆ వారమే జవాబు వినగల తెర మాత్రం లేదు.

ఇప్పుడు ఫోన్లు వచ్చాయి కదా, యూట్యూబ్‌లో రైతుల చానళ్లు ఎన్ని లేవు, ఇంకా ప్రభుత్వ టీవీ ఎందుకు అనే మాట సహజంగా వస్తుంది. ఆ చానళ్లలో మంచివి ఉన్నాయి, తోటి రైతు అనుభవాన్ని తోటి రైతుకు చేరుస్తున్నవి ఉన్నాయి. వాటిని తక్కువ చేయనక్కర్లేదు. అయితే దేన్ని పైకి తేవాలో, దేన్ని తొక్కేయాలో నిర్ణయించేది ఎక్కడో ఉన్న కంపెనీ లెక్క. ఎక్కువసేపు చూపు నిలిపేదే దానికి మంచి వీడియో. తప్పు మందు చెప్పిన వీడియో వల్ల పంట పోతే అడగడానికి మనిషి లేడు. పైగా ఇంట్లో ఫోను ఒక్కటే ఉంటే అది సాధారణంగా మగవాడి జేబులో ఉంటుంది. సైట్ కాలంలో ఎక్కువ లాభపడినవారిలో ఆడవాళ్లు, చదువురానివాళ్లు ఉన్నారన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. నలుగురు కలిసి చూసే చోట ఒకరికి అర్థం కానిది ఇంకొకరు విడమరచి చెబుతారు, అబద్ధమైతే అక్కడే ఎదురు మాట వస్తుంది. ఫోను ఆ పనిని దానంతట అది చేయదు. బాధ్యత ఉన్న ప్రసారం ఒకటి పక్కన ఉంటే మిగతావాటి నాణ్యత కూడా పెరుగుతుంది, పోల్చి చూసుకోవడానికి జనానికి ఒక కొలబద్ద దొరుకుతుంది.

చూసేవాళ్లు చెప్పేవాళ్లు కాగలరా అన్న అనుమానం ఉన్నవాళ్లు పాత మెదక్ జిల్లాకే వెళ్లి చూడాలి. సైట్‌లో పనిచేసి, దూరదర్శన్ నిర్మాతగా గ్రామీణ కార్యక్రమాలు తీసిన పి.వి. సతీశ్ 1980ల్లో జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని మరికొందరితో కలిసి స్థాపించారు. 2023లో మరణించే వరకు ఆయన అక్కడి దళిత మహిళా రైతుల సంఘాలతో నడిచారు. చదువు అంతంతమాత్రమైన ఆ మహిళలు వీడియో కెమెరా పట్టి తమ చిరుధాన్యాల సాగు మీద, పత్తి విత్తనాల మీద చిత్రాలు తీశారు. 2008 అక్టోబరులో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. విత్తనం ఎలా దాచాలి, ఏ కార్తెలో ఏం వేయాలి అన్నది వాళ్ల నోటితో, వాళ్ల యాసలో ప్రసారమైంది. 1975లో తెర ముందు కూర్చున్న జిల్లాలోనే ముప్పై మూడేళ్ల తర్వాత మైకు ముందు కూర్చున్నారు. సైట్ నేర్పిన పాఠాన్ని అందులో పనిచేసిన ఒక మనిషి తుదిదాకా తీసుకెళ్లిన తీరు ఇది. ఒక స్వచ్ఛంద సంస్థ కొన్ని ఊళ్లలో చేయగలిగినప్పుడు, సకల వనరులూ ఉన్న ప్రభుత్వ వ్యవస్థ ఒక జిల్లాలో చేయలేదా?

మనకు వనరులు లేవని చెప్పలేం. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు తెలంగాణ ప్రభుత్వం సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ల ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. ఉపగ్రహం నుంచి తెలుగులో బడి పాఠం అన్నది 1975 నాటి ఆలోచనే. ఆ నెలల్లో ఏ పిల్లలకు ఏ పాఠం అర్థమైంది, ఏ తండాలో టీవీ లేక ఎవరు వెనకబడ్డారు అన్న వివరం ఊరూరా సేకరించి ప్రజల ముందు పెట్టడం కూడా పాఠం చెప్పడమంత అవసరం. 2024 మార్చిలో రైతు వేదికల్లో వీడియో కాన్ఫరెన్స్ ద్వారా శాస్త్రవేత్తలతో మాట్లాడించే రైతు నేస్తం కార్యక్రమం మొదలైంది. ఊరివాళ్లు కలిసి కూర్చునే చోటు, ప్రశ్న అడిగే వీలు రెండూ అందులో ఉన్నాయి. ఇది సరైన దిశ. రైతులు అడిగిన ప్రశ్నలేమిటి, వాటికి దొరికిన జవాబులేమిటి, ఆ జవాబు ప్రకారం విత్తనమో మందో నిజంగా అందుబాటులోకి వచ్చిందా అన్నది ప్రతి సీజన్ చివర అచ్చువేసి పంచితే దాని విలువ పదింతలవుతుంది.

వరంగల్‌కు ఈ పని అప్పగించాలని కోరడానికి కారణాలు ఉన్నాయి. ఇక్కడ దూరదర్శన్ కేంద్రం ఉంది. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది, ఊళ్లలో ఉండి అధ్యయనం చేయగల విద్యార్థులు అక్కడ ఉన్నారు. సాంకేతిక సాయానికి ఎన్ఐటీ, సాగు సలహాకు ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం, ఆరోగ్యానికి కాకతీయ వైద్య కళాశాల ఉన్నాయి. ఒకప్పటి ఒక్క జిల్లా ఇవాళ హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగుగా విడిపోయింది. ఈ ఆరింటిలో పత్తి, మిర్చి, వరి రైతులున్నారు, లంబాడా తండాలున్నాయి, కోయ గూడేలున్నాయి. అన్ని రకాల బతుకులూ ఒక గంట ప్రయాణంలో కనిపించే ప్రాంతం. ఇక్కడ రోజుకు ఒక్క గంట ప్రసారం చాలు. అందులో సగం ఊళ్లలో తీసినదై ఉండాలి. ఓరుగల్లు మాటతోపాటు లంబాడీ, కోయ భాషలకు వారంలో నిర్ణీత సమయం ఉండాలి. కార్యక్రమాలు తీసే బృందంతో సమానంగా అడిగి తెలుసుకునే బృందం ఉండాలి. ఆరు జిల్లాల్లో కొన్ని ఊళ్లను ఎంచుకుని, ప్రసారానికి ముందూ తర్వాతా వాళ్లు వెళ్లి కనుక్కోవాలి. మూడు నెలలకోసారి ఆ నివేదిక, మంచీ చెడూ దాచకుండా, తెలుగులో బహిరంగంగా రావాలి.

డబ్బెక్కడిది అనేవాళ్లకు ఖేడా జవాబు చెబుతుంది. ఆ ప్రసారం నడిచింది ఒక కిలోవాట్ ట్రాన్స్‌మిటర్‌తో, చేత్తో మోసుకుపోగల వీడియో పరికరాలతో. ఇవాళ అంతకంటే మేలైన బొమ్మ తీయగల కెమెరా కాలేజీ పిల్లల చేతిలో ఉంది. ఉపగ్రహం కొనక్కర్లేదు, కొత్త టవర్ కట్టక్కర్లేదు. ఖర్చల్లా మనుషుల మీదే, ఊరికి వెళ్లి వినే మనుషుల మీదే. ఇది మళ్లీ అధికారంలో ఉన్న పార్టీకి బాకా అవుతుందేమో అన్న భయానికి విరుగుడు కూడా ముందే రాసుకోవాలి. నిర్వహణ మండలిలో రైతు సంఘాలు, మహిళా సంఘాలు, ఉపాధ్యాయులు, విశ్వవిద్యాలయం ఎక్కువగా ఉండాలి, పదవిలో ఉన్న నాయకులు ఉండకూడదు. పథకాల ప్రారంభోత్సవాలకు ఆ గంటలో చోటు ఇవ్వకూడదు. నివేదికను ఆపే హక్కు ఏ అధికారికీ ఉండకూడదు.

సైట్ ప్రయోగానికి స్వర్ణోత్సవ సభలు జరుపుకుని, పాత ఫొటోలు చూసుకుని మురిసిపోవడం తప్పు కాదు, అది చాలదు. ఆనాడు టీవీ ప్రసారాలకు మనకు సొంత ఉపగ్రహం లేదు, పల్లెల్లో కరెంటు అంతంతమాత్రం, స్టూడియోలు కొత్తవి, పనిచేసేవాళ్లలో చాలామంది అప్పుడే చదువు ముగించిన యువకులు. అయినా పల్లెను ముందు వరసలో కూర్చోబెట్టి, దాని మాట విని, విన్నది రాసిపెట్టారు. ఇవాళ ఆకాశంలో మన ఉపగ్రహాలు డజన్ల కొద్దీ ఉన్నాయి. లేనిదల్లా ఆ శ్రద్ధ. ప్రసార భారతి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కూర్చుంటే వచ్చే పత్తి సీజన్‌కు ముందే వరంగల్ నుంచి ఆ గంట ప్రసారం మొదలుపెట్టవచ్చు. మన ఎంపీలు, ఎమ్మెల్యేలు, విశ్వవిద్యాలయ పెద్దలు ఈ డిమాండ్‌ను తమదిగా చేసుకోవాలి. 1975లో జాబితాలో చోటు దక్కని జిల్లా, అప్పటి మంచి పనిని ముందుకు తీసుకెళ్లడంలో ఈసారి మొదటి పేరు కావాలి.